కాక చెప్పిన మాట, సగం వరకే

మీలో కొందరు బస్సులో కూర్చుని సెల్‌ఫోన్‌లో షేర్లు కొని, దిగే స్టేజీ వచ్చేలోపు అమ్మేస్తారని విన్నాను. సంతోషం. మా రోజుల్లో అంత సౌకర్యం లేదు. డబ్బు పోగొట్టుకోవాలన్నా మేము ఫస్ట్ షిఫ్టు చేసి, పైకొచ్చి, ఒంటికి అంటిన బొగ్గు కడుక్కుని, ఉతికిన అంగీ తొడుక్కుని, గోదావరిఖని చౌరస్తా దాకా స్కూటర్ మీద పోవలసి వచ్చేది.

నేను బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరై దిగిపోయాను. ఓవర్‌మన్ అంటే భూమి లోపల ఒక షిఫ్టులో పనిచేసే మనుషులందరికీ జవాబుదారీ. మంచి జరిగితే ఆ పేరు మేనేజరుగారికి పోతుంది, చెడు జరిగితే రిపోర్టు మనం రాయాలి. సర్వీసులో అట్లాంటి రిపోర్టులు బాగానే రాశాను. అయితే మీకు చెప్పబోయేది ఏ రిపోర్టులోనూ లేదు.

ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. మా ఊళ్ళో టీ కొట్లతో పోటీపడి ఇంటర్నెట్ సెంటర్లు వెలిసిన కాలం అది. మేము పోయే సెంటరు ఒక భాయ్‌ది. ప్లైవుడ్ చెక్కలతో గదులు చేసి, ఒక్కో గదిలో ఒక కంప్యూటరు, ఒక కుర్చీ పెట్టాడు. ఆ ఒక్క కుర్చీ గదిలో మేము ముగ్గురం ఇరుక్కునేవాళ్ళం. కుర్చీలో మా హాజరు రాసే మస్టర్ ఆఫీసు గుమాస్తా. వరసేమీ లేకున్నా అతన్ని నేను బావా అనేవాణ్ణి. ముగ్గురిలో ఇంగ్లీషు టైపు చేయగలిగింది అతనొక్కడే కాబట్టి కుర్చీ అతనికి దక్కింది. వెనక నేను నిలబడేవాణ్ణి. నా పక్కన కాక.

కాక మా బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే మనిషి. చదువు సంతకం వరకే. నాకంటే బాగా పెద్దవాడు, హోదాలో నాకంటే చిన్నవాడు. దానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బాయి లోపల నన్ను 'సారు' అనేవాడు. పైకొచ్చి టోపీ దీపం అప్పగించగానే 'బిడ్డా' అనేవాడు. నేను మాత్రం రెండుచోట్లా కాక అనే పిలిచేవాణ్ణి. ఆయన ఈ పద్ధతి తప్పడం నా సర్వీసు మొత్తంలో ఒకే ఒక్క రోజు చూశాను. ఆ రోజు దగ్గరికే వస్తున్నాను.

మేము చూసేది షేర్ల మీద జనం వాదులాడుకునే ఒక వెబ్‌సైటు. అక్కడ ఎవరికీ అసలు పేరుండదు. ఎక్కడో దూరంగా ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ షేరు మీద పగలూ రాత్రీ కొట్లాట. ఆ షేరు సోమవారం ఎక్కితే మంగళవారం దిగేది, బుధవారం ఏం చేస్తుందో దానికే తెలియదు. 'పక్కాలాభం' అని పేరు పెట్టుకున్నవాడు అమెరికా ఆర్డర్ల గురించి పేరాలు పేరాలు రాసేవాడు. 'డూబేగా' అనేవాడు ఏమీ వివరించడు, మునుగుతుంది అని మాత్రం రోజూ రాసి పోతాడు. మేమిద్దరం, అంటే బావా నేనూ, అందులో చారెడు షేర్లు కొన్నాం. ఆ కంపెనీ అసలు ఏం తయారుచేస్తుందో మాకు తెలియదు. బావకు తెలుసని నేను, నాకు తెలుసని బావ, మా ఇద్దరికీ తెలుసని కాక అనుకునేవాళ్ళం.

కాకకు మొదట్లో షేర్ల మీద ఆశ లేదు. ఆయనకు నచ్చింది కొట్లాట. బావ చదివి తెలుగులో చెబుతుంటే, పంచాయితీలో కూర్చున్నంత శ్రద్ధగా వినేవాడు. డూబేగా ఒకరోజు కనబడకపోతే, పాణం గిట్ల బాగలేదేమోనని అడిగేవాడు. బావ కూడా ఆ కొట్లాటలో దిగాడు. 'కోల్‌మ్యాన్' అని పేరు పెట్టుకున్నాడు. నిజంగా బొగ్గుబాయి మనిషి షేర్ల గురించి రాస్తాడని అక్కడ ఎవరూ నమ్మలేదు. ఎవడో పెద్ద మనిషి పేరు దాచుకుని రాస్తున్నాడని అనుకున్నారు, దాంతో మర్యాద పెరిగింది.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. బొగ్గు తవ్వుతూ ముందుకు పోయేటప్పుడు పైకప్పును మోయడానికి మధ్య మధ్య బొగ్గు స్తంభాలను వదిలేస్తాం. చివర్లో వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తవ్వుకుంటాం. తవ్వేసిన చోట పైనున్న బండ కూలిపోవాలి. కూలితేనే మంచిది. కూలకుండా రోజుల తరబడి వేలాడే బండ బరువంతా మేము పనిచేసే చోటు మీదికి వస్తుంది. అది ఒక్కసారి పెద్దగా పడిపోయిందంటే బరువు దిగిపోయి, కొన్నాళ్ళు ప్రశాంతంగా పని సాగుతుంది. అయితే మళ్ళీ లోపలికి పోయేముందు మిగిలిన కప్పును కర్రతో తట్టి చూస్తాం, గట్టిగా మోగితే పోవచ్చు, డొల్లగా మోగితే ఇంకా పడేది ఉందన్నమాట. బయటివాళ్ళు బండ పడితే భయపడతారు, మేము పడకపోతే భయపడతాం.

ఒకసారి ఆ షేరు గట్టిగానే పడింది. వెబ్‌సైటులో ఏడుపులు, శాపనార్థాలు. బావ ముఖం పాలిపోయింది. కాక మాత్రం తాపీగా అన్నాడు.

"బండ పడ్డంక భయమేంది? బరువు దిగిపోతది. కర్రతోని తట్టి, సప్పుడు ఇని, మల్ల లోపటికి పోవుడే."

బావకు ఆ మాట తెగ నచ్చింది. అక్కడికక్కడే ఇంగ్లీషులో పెట్టాడు. పెద్ద పతనం తర్వాత ఒత్తిడి తగ్గుతుంది, లోపలికి పోవడానికి అదే మంచి సమయం అన్నంత వరకు బాగానే వచ్చింది. కర్రతో తట్టడం దగ్గర ఆగిపోయాడు. షేరును తట్టడమంటే ఇంగ్లీషులో ఏమని రాయాలని నన్నడిగాడు. తెలుగులోనే నాకు తెలియలేదు, ఇంగ్లీషులో ఏం చెప్పను? భాయ్ అప్పటికే టైమైపోయిందని తొందరపెడుతున్నాడు. బావ ఆ ముక్క వదిలేసి పంపించేశాడు.

షేరు మర్నాడు కాస్త లేచింది. అంతే, కోల్‌మ్యాన్ మాట పట్టుకుని జనం ఊగిపోయారు. కొన్ని వారాల తర్వాత బావ ఇంకో వెబ్‌సైటులో ఎవరో బొంబాయి నిపుణుడు రాసిన వ్యాసం చదివి వినిపించాడు. అందులో ఆ నిపుణుడు, పెద్ద పతనం తర్వాత ఒత్తిడి తగ్గుతుందనీ, తెలివైనవాడు అప్పుడే లోపలికి పోతాడనీ సెలవిచ్చాడు. కాక కళ్ళు మెరిశాయి. తాననుకున్నదే అంత పెద్దమనిషీ అన్నాడని పొంగిపోయాడు. నాకు నవ్వాగలేదు. అది నీ మాటే కాకా, బావ రాసింది చూసి వాడు ఎత్తుకున్నాడు అని చెప్పాను.

కాక నా వైపు జాలిగా చూశాడు.

"నాదే అనుకో బిడ్డా. అంత పెద్దోడు నిజం గాంది ఊకెనే రాస్తడా?"

తన మాటను తాను మామూలుగా అన్నప్పుడు అది మాటే. అదే మాట బొంబాయి పోయి, బూట్లేసుకుని తిరిగొచ్చేసరికి శాసనమైంది.

అప్పటికి కాక దిగిపోవడానికి ఏడాది కూడా లేదు. దిగిపోతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఊరి చివర చిన్న జాగా కొని ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడాలి. దానికోసం పీఎఫ్ అడ్వాన్సు తీసి ఉంచాడు. మా చిన్నమ్మ, అంటే కాక భార్య, నేను ఎప్పుడు కనబడినా స్లాబు సంగతే అడిగేది. క్వార్టరు వాకిట్లో ఉన్న గులాబీ చెట్టును ఎప్పుడు పెకలించి కొత్త ఇంటికి తీసుకుపోవాలో అన్నదే ఆమె ఫికర్. కాక ఆ స్లాబు పైసలు ఆ షేరులో పెట్టాడు. పెట్టాక మాకు చెప్పాడు. షేరు కొద్దిగా ఎక్కితే కింది స్లాబుతోపాటు పైన ఒక గది కూడా లేస్తుందన్నాడు. నేను గొణిగాను. బావ వద్దన్నాడు. మా ఇద్దరి దగ్గరా ఆ షేరు ఉంది, అందుకని మా గొణుగుడు కాకకు పట్టలేదు.

కొన్నాళ్ళు ఎక్కింది కూడా. ఆ కొన్నాళ్ళు టీ పైసలు కాక మమ్మల్నెవరినీ ఇవ్వనివ్వలేదు. తర్వాత దిగడం మొదలైంది. దిగిన ప్రతిసారీ కాక, పడ్డది గదా, బరువు దిగింది అనేవాడు. మేము మరిచిపోయిన సంగతి ఒకటుంది. బండ పడితే నేల మీద ఆగుతుంది. ఆ నేల మీద మేము రోజూ నడుస్తాం కాబట్టి అది ఉందన్న ధ్యాసే ఉండదు. షేరుకు కింద నేల ఉంటుందని మాకు ఎవరు చెప్పారు?

ఇక ఆ రోజు. ఫస్ట్ షిఫ్టు. స్తంభాలు తవ్వే చోట కొన్నాళ్ళుగా బండ పడకుండా వేలాడుతోంది. అందరం చెవులు రిక్కించుకుని పనిచేస్తున్నాం. లోడర్ మిషన్ బొగ్గు ఎత్తుతోంది. కాక కర్రల వరుస దగ్గర నిలబడి, ఒక కర్ర మీద అరచేయి ఆనించి ఉన్నాడు. నాకేమీ వినపడలేదు. ఆయనకు వినపడింది. నా భుజం పట్టుకున్నాడు.

"బిడ్డా, మందిని తీస్కొని నడువు."

బిడ్డా అన్నాడు. బాయి లోపల. ఆ ఒక్క మాటకే నా కాళ్ళు కదిలాయి, కారణం అడగలేదు. విజిల్ ఊది అందర్నీ బయటి దారికి తరిమాను. మిషన్ నడిపే అతను మాత్రం దిగడు. కొంచెం వెనక్కి తెస్తే మిషన్ దక్కుతుందని పెనుగులాడుతున్నాడు. కాక పోయి అతని అంగీ కాలరు పట్టి కిందికి గుంజాడు.

"మిషన్ పోతె పోతది. నడువు."

కొత్తగా వచ్చే ప్రతి కార్మికుడికీ కాక చెప్పే పాఠం ఒకటుండేది. నడువు అన్నంక సద్దిగిన్నె కోసం మర్రిపోకుండ్రి అనేవాడు. నా సర్వీసులో నేను చూసింది కూడా అదే. కంపెనీ సామాను కోసం వెనక్కి పోయి దెబ్బతిన్నవాళ్ళు అరుదు. తువ్వాల కోసమో, కొత్త చెప్పుల కోసమో, గిన్నె కోసమో పోయి దెబ్బతిన్నవాళ్ళే ఎక్కువ. ఆ రోజు ఎవరూ వెనక్కి పోలేదు. మేము మలుపు తిరిగామో లేదో బండ పడింది. గాలి వీపుల మీద కొట్టింది, దుమ్ములో దీపాలు కనబడలేదు. దుమ్ము సద్దుకున్నాక తలలు లెక్కపెట్టుకున్నాం. అందరూ ఉన్నారు. మిషన్ బండ కింద పోయింది.

పైకొచ్చాక మేనేజరుగారు ముందు మిషన్ గురించి అడిగారు, తర్వాత మనుషుల గురించి. ఆ వరుస నాకిప్పటికీ గుర్తుంది. నేను రిపోర్టు రాసిచ్చాను. లోపల పని ఆపేశారు. షిఫ్టు ఇంకా ఉండగానే మమ్మల్ని ఇళ్ళకు పొమ్మన్నారు.

దాంతో విచిత్రం ఒకటి జరిగింది. మామూలుగా మేము షిఫ్టు దిగి భాయ్ సెంటరు చేరేసరికి షేర్ల బజారు మూసేసేవారు. అయిపోయిన దాని మీద కొట్లాట చదువుకోవడమే మా వంతు. ఆ రోజు బండ పుణ్యమా అని బజారు తెరిచి ఉండగా చేరాం. ప్రాణాలు దక్కిన సంబరంలో, మస్టర్ ఆఫీసు నుంచి బావనూ లేపుకుని, ముగ్గురం మిర్చీలు తింటూ లోపలికి పోయాం. బావ కంప్యూటరు తెరిచాడు, తెరిచి మిర్చీ కింద పెట్టేశాడు.

మా కళ్ళముందే షేరు దిగుతోంది. ఆ కంపెనీ లెక్కల్లో ఏదో తేడా ఉందని పొద్దున్నే వార్త వచ్చిందట. వెబ్‌సైటులో సగంమంది అమ్మి బయటపడండని రాస్తున్నారు. మిగతా సగం, పెద్ద పతనం తర్వాత ఒత్తిడి తగ్గుతుందని రాస్తున్నారు. కాక మాట. పదిమంది నోళ్ళలో పడి, కంప్యూటరు తెర మీద కింది నుంచి పైకి పాకుతూ కాక కళ్ళముందే పోతోంది. డూబేగా ఆ రోజు మునుగుతుందని రాయలేదు. ఇంట్లోవాళ్ళ మొహం చూసి అమ్మేయండని రాశాడు. అంత పొడుగు వాక్యం అతను రాయడం అదే మొదటిసారి.

అప్పుడు అమ్మితే స్లాబు మొత్తం రాదు గానీ సగానికి పైగా చేతికొస్తుంది. చౌరస్తాలో షేర్ల ఏజెంటుకు ఒక్క ఫోను చేస్తే చాలు. బావా నేనూ మావి అమ్మమని చెప్పేశాం. భాయ్ ఫోను తెచ్చి కాక చేతికిచ్చాడు.

"జల్ది చెయ్యి కాకా, టైం లేదు," అన్నాడు.

కాక ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కర్ర మీద అరచేయి పెట్టినట్టే పట్టుకున్నాడు గానీ, దానిలోంచి ఆయనకేమీ వినపడటం లేదు. నాకు కోపం వచ్చింది, భయమూ వేసింది.

"కాకా, పొద్దుగాల నువ్వేమన్నవ్? మిషన్ పోతె పోతది, నడువు అన్నవ్ గదా. నడువు మరి."

ఆయన నా మొహం చూడలేదు. కంప్యూటరు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"అది కంపెనీది సారూ. ఇది నాది."

సారు అన్నాడు. చౌరస్తాలో, టోపీ దీపం అప్పగించాక. ఆ మాటతో నన్ను ఎక్కడ నిలబెట్టాడో నాకు తెలిసింది. పొద్దున ఆయన బిడ్డా అంటే నేను మారు మాట్లాడకుండా కదిలాను. అట్లా ఆయన్ని కదిలించగల పిలుపు ఏదీ నా దగ్గర లేకపోయింది. కాలరు పట్టి గుంజుదామా అనుకున్నాను. ఫోను తీసుకుని నేనే మాట్లాడదామా అనుకున్నాను. కానీ ఆయన షేర్లు అమ్మమని ఏజెంటుకు ఆయన నోటితోనే చెప్పాలి. ఆయన అట్లా ఫోను పట్టుకుని ఉండగానే బజారు మూసేశారు. భాయ్ ఫోను తీసుకుపోయాడు, ఆ రోజు మా దగ్గర పైసలు తీసుకోలేదు.

తర్వాత షేరు ఆగలేదు. నేల ఎక్కడుందో చూద్దామన్నట్టు పోయింది. కొన్నాళ్ళకు దాన్ని కొనేవాడే లేకుండా పోయాడు, ఇంకొన్నాళ్ళకు ఆ కంపెనీయే లేదు. బొంబాయి నిపుణుడు వేరే షేరు గురించి రాసుకుంటున్నాడు.

కాక దిగిపోయిన రోజు బాయి మీద శాలువా కప్పి, దండ వేసి, మేనేజరుగారు మాట్లాడారు. ఈయన వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయన్నారు, అది నిజమే. మిషన్ గురించి ఆ రోజు ఎత్తలేదు. పక్కన కుర్చీలో చిన్నమ్మ కూర్చుని ఉంది. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు, ఎట్లా తెలిసిందో నేను అడగలేదు. చప్పట్లు కొడుతుండగా నా వైపు వంగి మెల్లగా ఒక్క మాటంది.

"ఇన్నేండ్లు మంది నెత్తి మీద కప్పు ఆపిండు. మా నెత్తి మీదికి రేకులే వచ్చినయ్ కొడుకా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఇంటికి రేకులే వేశారు. గులాబీ చెట్టు మాత్రం బాగా అంటుకుంది. నేను ఇప్పటికీ పోతుంటాను. వానాకాలంలో రేకుల మోతకు మాట వినపడదు. కాక మంచం మీద పడుకుని ఆ మోత వింటూ, ఇది మంచి సప్పుడే, దీని కింద భయం లేదు, పడ్డా రేకే అంటాడు. నవ్వించడానికే అంటాడు. నేను నవ్వుతాను.

పోయినప్పుడల్లా ఆయన ఒక సంగతి అడుగుతాడు. బావ టైపు చేసిన రోజు కాక మాట సగమే పోయిందని ఆయనకు తర్వాత మేమే చెప్పాం. అప్పటి నుంచి అదే పట్టు.

"మిగిలిన సగం గా నెట్టుల రాయించినవా బిడ్డా? మంది ఇంక సగం మాటనే పట్టుకొని పోతున్నరో ఏమో."

ఎక్కడ రాయించను? ఆ వెబ్‌సైటు ఎప్పుడో మూతపడింది. భాయ్ సెంటరులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బావ పెద్దపల్లిలో ఉంటున్నాడు, షేరు అనే మాట ఎత్తితే ఫోను పెట్టేస్తాడు. డూబేగా ఎవరో, ఎక్కడున్నాడో, పాణం బాగుందో లేదో తెలియదు. రాయిస్తాను కాకా అని ఎప్పటికప్పుడు చెప్పి వచ్చేస్తున్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. బండ పడ్డాక భయం లేదు, బరువు దిగిపోతుంది. అయితే ముందు కర్రతో తట్టాలి, చప్పుడు వినాలి, ఆ తర్వాతే లోపలికి పోవాలి. ఇదీ కాక మాట, పూర్తిగా. బండనైతే ఎట్లా తట్టాలో వస్తే చూపిస్తాను. షేరును ఎక్కడ తట్టాలో కాకకూ తెలియదు, నాకూ తెలియదు.